అడవి ప్రక్కని కాపురము

హైదరాబాదు నగరమునకు వాయవ్య దిక్కున, మియాపూరునకును కొండాపూరునకును నడుమ, హఫీజ్‌పేట యను పేట యొకటి కలదు. ఆ పేరు వినగానే మీకు పెద్ద బాటలు, రైలు స్టేషను, అంతస్తుమీద నంతస్తుగా లేచిన మేడలు, ప్రొద్దున్నే కంప్యూటరు కార్యాలయములకు పరుగులు తీయు యువతీయువకులు మనస్సునకు తోచుదురు. అదియు నిజమే. కాని యా మేడల వెనుక మఱియొక లోకము కలదు. దక్షిణముగా కొత్తగూడ రక్షితారణ్యమున, కోట్ల విజయభాస్కరరెడ్డిగారి పేరిట నున్న వృక్షోద్యానము సుమారు 270 ఎకరముల మేర వ్యాపించియున్నది. మదీనాగూడ, మియాపూరుల వైపునను అటవీశాఖవారి నేల కొంత మిగిలియున్నది. వీని నడుమ కైదమ్మకుంట వంటి నీటిపట్టులును, ఇంకను ఇండ్లు లేవని రాతినేలలును, పొదలును ఉన్నవి. ఇట్టి పొదల ప్రక్కనే మా కాపురము.

అడవి యనగానే నల్లమల వలె కొండలును, లోయలును, పెద్దపులులును మీరు తలపవలదు. మా యడవి దక్కను పీఠభూమికి సహజమగు చిట్టడవి. ఏనుగులు పండుకొన్నట్లున్న బండరాళ్లు, వాని సందులలో రేగుకంపలు, తుమ్మలు, వేపలు, కానుగలు, మోదుగులు, తంగేడు పొదలు, ఎవరును నాటకయే పెరిగిన సీతాఫలపు చెట్లు. వేసవిలో చూచువారికి ఎండుకట్టెలవలె కనబడును; తొలకరి చినుకు పడిన పదిదినములలో పచ్చని చీర గట్టుకొనును. దూరమునుండి వచ్చిన బంధువులు దానిని చూచి, "ఈ బీడు నింకను ఏల విడిచిపెట్టిరి?" అని యడుగుచుందురు. అది బీడు కాదని వారికి చెప్పవలెనన్న, అచ్చట నెవరెవరు కాపురముండిరో ముందుగా చెప్పవలసియుండును.

మృగశిరకార్తె ప్రవేశించినది మొదలు తెల్లవాఱుజామున నెమళ్ల కేక వినబడును. ఒక్కొకనాడు మగనెమలి మా మేడ పిట్టగోడపై వ్రాలి, తోకను గోడవెంట వ్రేలవిడిచి, మేము బట్టలు ఆరవేయు తీగెను పరికించి చూచి, మఱల నెగిరిపోవును. ముంగిస జంట యొకటి ప్రహరిగోడ వెంబడి తన దినచర్య తప్పక నడుచును. సాయంకాలము గబ్బిలములు, రాత్రి గుడ్లగూబ, కుంటవద్ద కొంగలును లకుముకిపిట్టలును. చలికాలమున మాకు పడమరనున్న అమీనుపురపు చెరువునకు దూరదేశముల పక్షులు దిగును. ఆ చెరువును 2016వ సంవత్సరమున ప్రభుత్వమువారు జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. నగరప్రాంతపు చెరువున కట్టి గౌరవము మనదేశమున లభించుట అదియే మొదలు.

ఈ పొదలతో మన స్త్రీలకు ఋణానుబంధమే కలదు. తెలంగాణమున బతుకమ్మ పండుగకు పళ్లెరమున పేర్చు పూవులలో ముఖ్యమైనవి తంగేడును, గునుగును. ఇవి తోటమాలి పెంచు పూవులు కావు. చెలకగట్లను, బీళ్లను, చిట్టడవులను వానకాలము చివర తమంతట తాము పూచునవి. ఈ పేటలో పాతకాపులగు ముదుసలులు, తమ పడుచుతనమున సద్దుల బతుకమ్మ నాటి యుదయమున ఒడినిండ తంగేడు కోసికొని వచ్చినట్లు చెప్పుదురు. నేడు మేమా పూవును బజారున కట్టలుగా కొనుచున్నాము. 2014వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వమువారు తంగేడును రాష్ట్రపుష్పముగను, జమ్మిని రాష్ట్రవృక్షముగను, పాలపిట్టను రాష్ట్రపక్షిగను, దుప్పిని రాష్ట్రజంతువుగను నిర్ణయించిరి. ఆ నాలుగును మా చుట్టుపట్ల నేలలో పుట్టిపెరిగినవే.

వీరందఱు మా యింటికి వచ్చిరనుట సరికాదు. వచ్చినది మేము. 1998వ సంవత్సరమున మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమగునప్పటికి ఈ ప్రాంతము పల్లెలును, చెఱువులును, రాళ్లును మాత్రమే. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైలు హఫీజ్‌పేట మీదుగా లింగంపల్లికి నడవసాగెను. 2017లో మియాపూరునుండి మెట్రో రైలు కదలెను. రైలు వచ్చినచోటికి ఇండ్లు వచ్చుట సహజమే గదా! ఊళ్ల పేర్లను చూచినను పూర్వపు సంగతి తెలియును. ఎక్కడ చూచినను కుంట, చెరువు, గూడ, కంచ. కంచ యనగా తెలంగాణపు పలుకుబడిలో పసులమేతకై విడిచిన గడ్డినేల.

అట్టి కంచలలో నొకటి యగు కంచ గచ్చిబౌలి పేరు 2025వ సంవత్సరమున దేశమంతట మ్రోగెను. హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కనున్న 400 ఎకరముల నేలను ఉద్యోగసంస్థల నిర్మాణములకై చదును చేయించుటకు ప్రభుత్వమువారు మార్చి నెలాఖరున యంత్రములను దింపిరి. విద్యార్థులు అడ్డుపడిరి. రాత్రివేళ యంత్రముల వెలుతురున నెమళ్లు అఱచుచుండగా తీసిన చిత్రములు ఇంటింట చూచిరి. ఏప్రిలు 3వ తేదీన సుప్రీముకోర్టువారు చెట్ల నఱకుటను నిలిపివేసిరి. ఆ దినములలోనే దుప్పి యొకటి విశ్వవిద్యాలయపు ఆవరణమున కుక్కల పాలబడి మరణించినది. నేల యెవరిదను వివాదమును న్యాయస్థానమువారు విచారింతురు. మా వంటి గృహిణులకు దానివలన తెలిసినదేమన, పొదలు కొట్టివేసినంతమాత్రమున జంతువులు మాయము కావు. అవి ప్రక్కవీధికి వచ్చును. ఆ ప్రక్కవీధియే మన వీధి.

భయము కూడ నట్లే వీధులు దాటి వచ్చును. 2024వ సంవత్సరము అక్టోబరు మాసమున మియాపూరు మెట్రో స్టేషను వెనుక చిరుతపులి తిరుగుచున్నదని యొక చలనచిత్రము సెల్‌ఫోనులలో వ్యాపించెను. గంటలోపల మా పేటయంతయు తలుపులు బిగించుకొన్నది. అటవీశాఖవారును, పోలీసువారును వచ్చి, చిత్రమును, అడుగుజాడలను పరీక్షించి, అది చిరుత కాదు, అడవిపిల్లి యని తేల్చిరి. ఈ రెండింటి భేదమును పిల్లలకు సయితము నేర్పవచ్చును. చిరుతకు మేనినిండ గుత్తులుగా మచ్చలుండును, తోక పొడవు, బరువున నొక మనుష్యునికి దగ్గఱగ నుండును. అడవిపిల్లి యిసుకరంగు, మేన మచ్చలు కానరావు, కాళ్లు పొడవు, తోక కుఱుచ, దాని కొనకు నల్లని కట్లు, బరువు మన పెంపుడుపిల్లికంటె కొంచె మెక్కువ. దాని ముఖ్యాహారము ఎలుకలు. అనగా మన ధాన్యపు బస్తాకు అది కావలికాయునది.

చిరుత మాట వట్టి కట్టుకథ యని మేము చెప్పుట లేదు. 2020వ సంవత్సరము మే నెలలో నగరపు దక్షిణభాగమున మైలారుదేవుపల్లి వద్ద పెద్దబాటపైననే చిరుత యొకటి కనబడెను. 2024 మే నెలలో శంషాబాదు విమానాశ్రయపు ప్రహరిలోపల తిరిగిన చిరుత బోనున చిక్కెను. కావున అనుమానము తప్పు కాదు. కాని యా రాత్రి మేము గమనించినది వేఱొకటి కలదు. తలుపులు గలవారము తలుపులు బిగించుకొంటిమి. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు వీధులూడ్చు స్త్రీలు మాత్రము చీపుళ్లు పట్టుకొని యెప్పటివలెనే వచ్చిరి. పులియో పిల్లియో తేలకముందే వారు చీకటిలో నిలిచి, పొదల ప్రక్కని చెత్తను ఎత్తిరి. అడవి ప్రక్కని బ్రతుకు అందఱకు నొక్కటి కాదని యది తెలుపుచున్నది.

ఈ సంగతినే మా మేడ కావలివాని భార్య మాకంటె చక్కగా చెప్పినది. ఆమె పాలమూరు సీమనుండి వచ్చిన యిల్లాలు. మేడ క్రింద, బండ్లు నిలుపు సెల్లారులో, ఒక చిన్నగదిలో భర్తతోను, ఇద్దఱు బిడ్డలతోను నివసించుచున్నది. ఒకనాడు నెమలి పిట్టగోడపై వ్రాలగా మేమందఱము గుమికూడి చిత్రములు తీయుచుంటిమి. ఆమె నీళ్లమోటారు కట్టుటకు పైకి వచ్చి, మమ్ము చూచి నవ్వి, "మీ కాడికి నెమలొస్తదమ్మా, మా కాడికి పామొస్తది. మీరు ఫోటోలు తీస్తరు, మేము పిల్లలనెత్తుకొని మెట్లెక్కుతం" అనెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. ఉన్నసంగతి చెప్పినది, అంతే.

ఆలోచించి చూడుడు. అందమంతయు మూడవ యంతస్తున కెగిరివచ్చును. ప్రమాదమంతయు నేలమీద ప్రాకివచ్చును. మెట్లకు క్రింద, నేలపై చాపవేసికొని పండుకొను బిడ్డయే దానికి ముందెదురగును. మనదేశమున 2000 మొదలు 2019 వఱకు ఇరువదేండ్లలో సుమారు 12 లక్షలమంది పాముకాటువలన మరణించినట్లు 2020లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది. అనగా ఏటికి సుమారు 58,000 మంది. వీరిలో పెక్కుమంది పల్లెవారు, కష్టజీవులు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2017లో పాముకాటును, లోకము పట్టించుకొనని రోగముల పట్టికలో చేర్చిరి. బీదవారి ప్రాణములు తీయు నాపద గనుకనే లోకము పట్టించుకొనలేదు.

పాముల విషయమున మన నడవడి విచిత్రమైనది. తెలంగాణమున శ్రావణశుద్ధ పంచమినాడును, సర్కారుజిల్లాలలో కార్తికశుద్ధ చవితినాడును తలస్నానముచేసి, పుట్టకు పసుపుకుంకుమలు పెట్టి, పాలుపోసి, బిడ్డలను చల్లగ చూడుమని మ్రొక్కుదుము. ఆ నాగన్నయే మఱునాడు వాకిట కనబడిన కఱ్ఱలు వెదకుదుము. పాలు పాముల యాహారము కావు. ఎలుకలు, కప్పలు, తక్కిన పాములు వాని భోజనము. పుట్టవద్ద మ్రొక్కుట మన పెద్దలు నేర్పిన మంచియాచారము. దానిలోని భావము, నీ చోట నీవుండుము, మా చోట మమ్ముండనిమ్మను నొడంబడిక యని మా కర్థమైనది. ఒడంబడిక యన్న తరువాత రెండు పక్షములవారును తమవంతు నెరవేర్పవలెను గదా!

మఱి కొన్ని తప్పుడు నమ్మకములును కలవు. జెఱ్ఱిపోతు నాగుపామునకు మగడని పలువు రందురు. అది వట్టిమాట. జెఱ్ఱిపోతు వేఱుజాతి, దానికి విషమే లేదు, ఎలుకలను తినుటలో దానికి సాటి లేదు. పాపము, పొడవును చూచి నాగుపామని భ్రమపడి దానినే మొదట చంపుదురు. మన ప్రాంతమున ప్రాణాంతకములని ముఖ్యముగ తెలిసికొనవలసినవి నాలుగు: పడగ విప్పు నాగుపాము, నల్లనిమేన సన్నని తెల్లకట్లు గల కట్లపాము, గొలుసువంటి మచ్చలు గలిగి కుక్కరువలె బుసకొట్టు రక్తపింజరి, రాళ్లసందుల నుండు చిన్న పింజరి. వీనిలో కట్లపాము రాత్రివేళ తిరుగును. నేలపై నిద్రించువారిని కఱచుట దీనికి కలదు. కాటు పెద్దగ నొప్పిపెట్టదు. గుర్తుకూడ సరిగా కనబడకపోవచ్చును. కొంతసేపటికి కడుపునొప్పి, గొంతునొప్పి, కనురెప్పలు వ్రాలిపోవుట మొదలగును. పిల్లలకు అజీర్ణమని తలచి తెల్లవాఱువఱకు ఆగినయెడల ప్రాణము దక్కదు.

కావలివాని భార్య యన్నమాట మా మేడలో చర్చకు వచ్చెను. నెలసరి సభలో ఒక యావిడ, "వదినగారూ, వెనుకనున్న పొదలన్నియు నఱికించి, పాము కనబడినచోటనే చంపించిన తీరిపోవును గదా" అనెను. ఇంకొక యావిడ, "అయ్యో, పాపము తగులును, పట్టించి దూరమున విడిపింతము" అనెను. మూడవ యావిడ వృద్ధురాలు, చిన్ననాడు పల్లెలో పెరిగినది. ఆమె, "అమ్మాయీ, పొద నఱికిన పాము గోడదూకి నీ యింటికే వచ్చును. ఎలుక యెక్కడనో పాము అక్కడ. ముందుగా మన చెత్తకుండీ సంగతి చూడుడు" అనెను. సభలో ఎక్కువ చదివినవారము కొందఱముంటిమి. తెలివైన మాట మాత్ర మామెదే.

ఆ పెద్దావిడ మాటకు బొంబాయి నగరము సాక్ష్యము చెప్పుచున్నది. ఆ నగరపు నడుమనే సంజయ్ గాంధీ జాతీయోద్యానమున సుమారు 104 చదరపు కిలోమీటర్ల యడవియు, అందు చిరుతలును కలవు. 2004వ సంవత్సరమున అచ్చట చిరుతలు మనుష్యులపై పడుట మిక్కిలి హెచ్చినది. వేఱుచోట్ల పట్టిన చిరుతలను తెచ్చి యా యడవిలో విడుచుట దానికొక కారణమని పరిశోధకులు కనుగొనిరి. తెలియనిచోట విడిచిన మృగము బెదరి, దారితప్పి మనుష్యుల మధ్యకు వచ్చును. ఆ పద్ధతి తగ్గించి, చెత్తకుప్పలు తీసి, వానికై మూగు కుక్కలను తగ్గించి, జనులకు జాగ్రత్తలు నేర్పిన తరువాత దాడులు తగ్గిపోయినవి. చెత్త కుక్కను పిలుచును. కుక్క చిరుతను పిలుచును. చెత్త ఎలుకను పిలుచును. ఎలుక పామును పిలుచును. ఈ వరుసలో మొదటిమెట్టు మన వంటయింటి కసవుబుట్ట.

మేము చేసిన యేర్పాటు లివి. ఇవి యెవరైనను చేసికొనదగినవి గనుక వివరించుచున్నాము. మొట్టమొదట సెల్లారుగదిలోని వారికి ఇనుపమంచములు రెండును, మంచి దోమతెరలును మేడలోని కుటుంబములన్నియు కలిసి కొనియిచ్చితిమి. తెర అంచులు నాలుగువైపుల పఱుపు క్రిందికి దోపవలెను. వ్రేలాడుచుండిన ప్రయోజనము లేదు. నేపాళదేశపు పల్లెలలో జరిపిన పరిశోధనలోను, దోమతెరలో నిద్రించువారికి పాముకాటు తక్కువయని తేలినది. రెండవది, గది తలుపుక్రింది సందునకు రబ్బరుపట్టీ కొట్టించితిమి. నీరుపోవు తూములకు సన్ననిజల్లెడలు బిగించితిమి. మూడవది, కట్టడము నాటినుండి పడియున్న ఇటుకముక్కలు, విఱిగిన పెంకులు, పాత తలుపులు తీయించితిమి. పాములకు అట్టివి మేడలకంటె ప్రియములు. నాలుగవది, చెత్తడబ్బాలకు మూతలు. ఐదవది, సెల్లారు మెట్లవద్ద రాత్రియంతయు వెలుగు దీపము, గదిలో నొక చేతిదీపము. పొదలను మాత్రము నఱకలేదు. గోడకు ఆరడుగుల మేర గడ్డి తీయించి, తక్కినదానిని దాని మానాన విడిచితిమి.

ఖర్చును గూర్చి గొణిగినవారు లేకపోలేదు. "సెల్లారులోని వారికి మంచమిచ్చుట సంఘపు పనియా?" అని యొకరడిగిరి. ఆ మేడకు కావలికాయువారి ప్రాణమునకు కావలికాయుట ఎవరి పని యని పెద్దావిడ తిరిగి యడిగెను. మాట అంతటితో ముగిసినది.

ఆ యేడు శ్రావణమాసమున, మబ్బుపట్టి ముసురుగానున్న యొకరాత్రి, రెండుగంటలవేళ, కావలివాని చిన్నకూతురు దాహమని లేచినది. తల్లి అలవాటైన ప్రకారము కాలు దింపకముందే చేతిదీపము నేలపై వేసి చూచినది. గోడవెంట, మంచపుకోటి ప్రక్కగా, కట్లపాము. ఆమె అఱవలేదు. బిడ్డను మంచముమీదనే కూర్చుండబెట్టి భర్తను లేపినది. అతడు కఱ్ఱ చేతబట్టెను. ఆమె, "కొట్టకు, ఎటు పోతదో చూడు, ఫోన్ చెయ్యి" అనెను. గోడపై వ్రాసియుంచిన సంఖ్యకు ఫోను చేయగా, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ యను సంఘమునుండి యువకుడొకడు వచ్చెను. 1995వ సంవత్సరమున హైదరాబాదున స్థాపితమైన ఆ సంఘమువారు ఏటేట వేలకొలది పాములను ఇండ్లనుండి తీసికొనిపోయి, అటవీశాఖవారి యనుమతితో విడుచుచుందురు. అతడు కొంకికఱ్ఱతో పామును సంచిలోనికి దింపుకొని పోయెను. మఱునాడు కావలివాని భార్య మెట్లు కడుగుచు, "మంచం లేకుంటే..." అని, ఆ మాటను ముగింపకయే బకెట్టు ఎత్తుకొని పోయినది.

జీవకారుణ్యమును గూర్చి చెప్పునపుడు ఈ సంగతి మఱువరాదు. నేలపై పండుకొనువారితో, "పామును చంపకుము, దానికిని ప్రాణమున్న"దని పైయంతస్తువారు చెప్పుట సులభము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము ప్రకారము పామును చంపుట నేరమని చెప్పుట ఇంకను సులభము. కాని వారి భయమును తీర్చక వారికి దయను బోధించు నధికారము మన కెక్కడిది? ఆ రాత్రి యా తల్లి కఱ్ఱను ఆపగలిగినది. ఏలయన బిడ్డ మంచముపై, తెరలో, క్షేమముగ నున్నది. క్షేమము ముందు, కారుణ్యము తరువాత. ఈ వరుస తప్పినచోట అడవియు దక్కదు, మనిషియు దక్కడు.

ఒకవేళ కాటు తగిలినచో చేయవలసినది, చేయరానిది ప్రతి యిల్లాలును తెలిసికొనియుండవలెను. కాటుపైన త్రాటితో బిగించి కట్టరాదు, కత్తితో కోయరాదు, నోటితో పీల్చరాదు, పసరులు పూయరాదు, మంత్రగానికై కాలయాపన చేయరాదు, పామును పట్టుటకు వెంటబడరాదు. గాజులు, ఉంగరములు, మెట్టెలు, కాలిగొలుసులు వెంటనే తీసివేయవలెను. వాపు వచ్చిన తరువాత అవియే ఉరిత్రాళ్లగును. కఱచిన కాలిని గాని చేతిని గాని కదలనీయక బద్దకట్టి, ధైర్యము చెప్పుచు, నడిపింపక, బండిలో ఆసుపత్రికి చేర్పవలెను. విషమునకు విరుగుడు మందు సూదిద్వారా రక్తనాళములోని కిచ్చునది యొక్కటే. ఏ ఆసుపత్రిలో అది యెల్లవేళల దొరకునో వానకాలమునకు ముందే విచారించి, సంఖ్య వ్రాసి గోడకు అంటించుడు. పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని కేంద్రప్రభుత్వమువారు 2024లో కార్యక్రమము నేర్పఱచిరి. అది నెరవేరుట యిండ్లలోని యిట్టి చిన్నచీటీలపై కూడ ఆధారపడియున్నది.

ముద్దు పేరిట చేయు అపకారములను గూర్చియు నొకమాట. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని, దానిని పట్టి పంజరమున బంధించి, రెక్కలు కట్టి, వీధివీధి త్రిప్పి, చూపించి డబ్బు తీసికొనువారున్నారు. మనము డబ్బిచ్చుటచేతనే వారు పట్టుచున్నారు. స్వేచ్ఛగ తీగెపై వ్రాలినదానిని చూచిననే గాని శుభదర్శన మెట్లగును? నక్షత్రపు తాబేలు ఇంటనున్న లక్ష్మి నిలుచునని రహస్యముగ కొని గాజుతొట్టిలో పెట్టుట, రామచిలుకను పంజరమున నుంచుట, ఇవియు చట్టవిరుద్ధములే. కోతులకు అరటిపండ్లు, నెమళ్లకు అన్నపుమెతుకులు పెట్టి మచ్చిక చేయుట పుణ్యమువలె కనబడును. కాని మనిషియెడ బెదురు పోయిన జంతువు వాకిటిలోనికి, వాకిటినుండి వంటయింటిలోనికి వచ్చును. అప్పుడు దెబ్బలు తినును. వానికి మన మన్నము పెట్టనక్కఱలేదు. వాని యన్నమును మనము తీయకున్న చాలును.

సోదరీమణులారా! మీలో కొందఱు ఇట్టి చిట్టడవుల ప్రక్కనే యుందురు. కొందఱు పొలములంచున, కొందఱు కొండక్రింద నుందురు. ఎచ్చటనున్నను తొలకరి రాకముందు ఒక్కసారి మీ యింటిక్రింద, మీ పెరటివెనుక, మీ వీధిచివర ఎవరు నిద్రించుచున్నారో, వారు నేలమీద నిద్రించుచున్నారో, మంచముమీద నిద్రించుచున్నారో విచారింపుడు. ఆ పనికి పెద్ద చదువక్కఱలేదు. ఇరుగుపొరుగు కలిసికొన్న ధనమును పెద్దగ నక్కఱలేదు. ఆ పని చేసిన పిమ్మట పిట్టగోడపై వ్రాలిన నెమలిని చూచి మీరు సంతోషింపవచ్చును, క్రిందనున్నవారును సంతోషింతురు.